గోడకు తగిన పూత

ఇల్లు కట్టిచూడు, పెళ్ళి చేసిచూడు అన్నారు పెద్దలు. పునాది తవ్వించడంలోని ప్రయాసను, పైకప్పు వేయించడంలోని వ్యయాన్ని ఇల్లు కట్టిన ప్రతివారూ కథలు కథలుగా చెబుతారు. అన్నీ ముగిసి, ఇక రంగు వేయడమే తరువాయి అని ఊపిరి పీల్చుకొనే వేళ ఎదురయ్యే చిక్కును గురించి మాత్రం ఎవరూ చెప్పరు. లోపలి గోడలకు ఏ పూత వేయాలన్నది కంటికి సంబంధించిన విషయమని లోకం తలుస్తుంది. అది గోడ ఆయుష్షుకు, ఇంటిల్లిపాది ఆరోగ్యానికి, ఆ పనిని నమ్ముకొన్న చేతులకు కూడా సంబంధించిన విషయమని మేము ఈమధ్యనే గ్రహించాము. ఆ అనుభవాన్ని తోటి విద్యార్థులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాస సంకల్పం.

మాది పాచిపెంట. సాలూరుకు సమీపాన, తూర్పు కనుమల పాదాల వద్ద ఉన్న ఊరు. 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లాలో చాలాకాలం ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. మా యింట పాత గదులు రెండు, అవి మట్టిగోడలవి. వాటి ప్రక్కన ఇటుకతో, సిమెంటుతో కట్టిన కొత్త గది ఒకటి. ఈ మూడింటికీ ఒకే రకం పూత వేయించి, ఇల్లంతా ఒక్కతీరుగా మెరిపించాలని మాలో పిన్నలందరి కోరిక.

మా ప్రాంతంలో గోడ రంగు మొదట కొండ నుండే వచ్చింది. ఈ కనుమలలో విస్తారంగా కనిపించే శిలకు భూగర్భ శాస్త్రజ్ఞులు ఖోండలైట్ అని పేరు పెట్టారు. ఇక్కడి గిరిజనులైన ఖోండుల పేరే ఆ రాయికి దక్కింది. అది ఎండకూ వానకూ శిథిలమైనప్పుడు దానిలోని ఇనుము తుప్పుపట్టి మట్టికి ఎరుపునిస్తుంది. కొన్నిచోట్ల తెల్లని సుద్దమట్టి కూడా ఏర్పడుతుంది. ఈ ఎర్రమట్టితో గోడను మెత్తి, పేడతో నేలను అలికి, తెల్లమట్టితోనో సున్నంతోనో అంచులు దిద్దే ఆచారం కొండ గూడేలలో తరతరాలుగా ఉన్నది. అది స్త్రీల విద్య. ఏ మట్టిలో ఎంత ఇసుక కలిపితే నెరియలు విచ్చవో, ఎన్ని పూతలకు గోడ నునుపు తేలుతుందో వారి అరచేతికే తెలుసు. మా పాత గదులకు ఏటేటా ఆ పని చేసేది కొండ గూడెం నుండి దిగివచ్చే ఒక వృద్ధురాలు. పండుగకు ముందు వచ్చి, రెండు రోజులు పనిచేసి, ధాన్యమూ కొంత రొక్కమూ తీసుకొని వెళ్తుంది.

మట్టిపూత మీద సున్నం వేయడం మా యింటి అలవాటు. మా దాదీమా దానిని సఫేదీ అంటారు. ఇరుగుపొరుగు వెల్ల అంటారు. ఉర్దూలోని చూనా, తెలుగులోని సున్నం ఒకే సంస్కృత మూలమైన చూర్ణ శబ్దం నుండి పుట్టినవే. గచ్చు అన్న మన మాట పారశీకం నుండి వచ్చింది. 1591లో వెలసిన చార్మినారును నిలబెట్టినదీ, అలంకరించినదీ సున్నపు గచ్చే. రెండు భాషలూ చదివే మన కళాశాలలో ఈ ముచ్చట ఆసక్తికరమని తలుస్తాము.

సున్నం గుణాన్ని రసాయన శాస్త్రం చదివినవారు ఎరుగుదురు. సున్నపురాయిని కాల్చగా వచ్చిన పొడిసున్నం నీటితో కలిసి ఉడుకుతుంది. ఆ తేటను గోడకు పూసినప్పుడు అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, మెల్లమెల్లగా తిరిగి రాయిగా మారుతుంది. ఆ పొర గట్టిదే అయినా దానిలో సూక్ష్మ రంధ్రాలుంటాయి. వానకాలంలో మట్టిగోడ పీల్చుకొన్న చెమ్మ వాటిగుండా బయటికి పోతుంది. క్షారగుణం వల్ల బూజు త్వరగా పట్టదు. తెలుపులోని పసుపు ఛాయను విరవడానికి చిటికెడు నీలిమందు, పట్టు కోసం కొంచెం బంకో గంజో కలుపుతారు.

ఇంతటి సున్నాన్ని కాదని పట్టణపు దుకాణంలో ఒక వ్యాపారి మాకు నూనెరంగును, అంటే ఎనామిల్‌ను, సిఫారసు చేశాడు. “పదేళ్ళు చూసుకోనక్కరలేదు, అద్దంలా మెరుస్తుంది” అన్నాడు. గోడ మట్టిదా సిమెంటుదా అని మాత్రం అడగలేదు. నూనెరంగు నీటిని లోనికి రానివ్వదన్నది నిజమే. లోపలి నీటిని బయటికి పోనివ్వదన్నదీ అంతే నిజం. మట్టిగోడ నేల నుండి చెమ్మను పీలుస్తూనే ఉంటుంది. పోయే దారి లేక ఆ చెమ్మ పొర వెనుకనే నిలిచి, రంగు బొబ్బలెక్కి, మట్టితో సహా పెళ్ళలుగా ఊడుతుంది. మరొక మాట. నూనెరంగు పడిన గోడ మీద మళ్ళీ సున్నం నిలవదు. ఒకసారి ఆ దారి పట్టిన గోడ తిరిగి రావాలంటే పాత పొరనంతా గీకివేయాలి. ఆనాటితో వృద్ధురాలి పని కూడా ఆ ఇంట ముగిసినట్లే.

ఆమెనే అడిగి చూశాము. ఆమె గోడ మీద చేయి ఆనించి, “గోడకి చొక్కా తొడగండి బాబూ, తోలు కుట్టెయ్యకండి” అన్నది. తన కూలి పోతుందని ఒక్క మాటైనా అనలేదు. మేము గ్రంథాలలో చదివి తెలుసుకొన్నదంతా ఆ ఒక్క వాక్యంలో ఉన్నది.

రంగు డబ్బాను గురించి విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి కలదు. పూర్వం పసుపు, ఎరుపు వంటి రంగుల ప్రకాశానికీ, త్వరగా ఆరడానికీ సీసపు సమ్మేళనాలు వాడేవారు. సీసం పసిపిల్లల మెదడుకు తీరని హాని చేస్తుంది. తెల్లసీసపు వాడకాన్ని ఇళ్ళలోపలి రంగుపనిలో నియంత్రించాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒడంబడిక చేసింది. మన దేశంలో 2016లో రూపొంది 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారం గృహోపయోగ రంగులలో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళను మించరాదు. కనుక డబ్బా మీద ఆ సంగతి చదివిన పిమ్మటే కొనాలి. పాత నూనెరంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దరాదు; ఆ ధూళే ప్రమాదం. తడిపి గీకి, పిల్లలను దూరంగా ఉంచాలి.

పేడతో గోడను కాపాడడం అనాగరికమని నవ్వేవారికి ఒక వార్త. 2021 జనవరి 12న ఖాదీ గ్రామోద్యోగ సంఘం ఆవుపేడ ప్రధానంగా గల ప్రాకృతిక రంగును విడుదల చేసింది. కొండ స్త్రీల చేతిలోనిది డబ్బాలోనికి ఎక్కగానే అది గౌరవనీయమైంది!

మా గూడేలలో ఇప్పుడు పక్కా ఇళ్ళు లేస్తున్నాయి. 2023 నవంబరు 15న ప్రారంభమైన పి.ఎం. జన్‌మన్ పథకం క్రింద అత్యంత వెనుకబడిన గిరిజన తెగలకు ఇంటికి 2 లక్షల రూపాయలు లభిస్తాయి. కారని కప్పు, కూలని గోడ ఎవరికైనా అవసరమే. ఆ మేలును తక్కువ చేయలేము. అయితే సవరల ఇళ్ళలో ఎర్రమట్టి పూసిన లోపలి గోడ మీద బియ్యపు పిండితో పూర్వీకులకూ దేవతలకూ బొమ్మలు రాసే సంప్రదాయమున్నది. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రచురించిన గ్రంథంలో వాటిని వివరంగా నమోదు చేశారు. సిమెంటు గోడ వచ్చినప్పుడు ఆ బొమ్మకు చోటెక్కడ, ఆ గోడను దిద్దే స్త్రీకి పాత్ర ఏది అన్న ప్రశ్నను ఇల్లు మంజూరయినప్పుడే అడగాలి. సిమెంటు గోడ మీద కూడా సున్నం చక్కగా పడుతుంది. కొంత జిగురు కలిపిన ఎర్రమట్టీ నిలుస్తుంది. కావలసినది అడిగే మనసు మాత్రమే.

మా యింట తుదకు కుదిరిన ఏర్పాటు ఇది. మట్టిగదులకు యథాప్రకారం మట్టిపూత, సున్నం. కొత్త గది గోడలను ఒక వేసవి అంతా ఆరనిచ్చాము. పచ్చి సిమెంటు మీద వేసిన రంగు దాని క్షారానికీ చెమ్మకూ నిలవదు. ఆ పైన లప్పం పెట్టించి, నీటితో కలిపే ఎమల్షన్ వేయించాము. వంటపొయ్యి ఆ గదిలోనే గనుక, మసి తుడుచుకొనే వీలుకై పొయ్యి వెనుక గోడకు మాత్రం నడుము ఎత్తు వరకు నూనెరంగు. ఇల్లు ఒక్కతీరుగా లేదు. ఏ గోడకు తగినది ఆ గోడకు ఉన్నది. ఈ ఏడు కూడా పండుగకు ముందు ఆమె వచ్చింది. ఈసారి మా చెల్లెళ్ళు ఆమె వెంట కూర్చుండి మట్టి పిసికారు.

తుదకు కళాశాల సంఘం వారికి ఒక విన్నపం. మన తరగతి గదులకు మళ్ళీ రంగు వేయించే సమయంలో డబ్బాపై సీసం వివరాన్ని పరిశీలించే పనిని రసాయన శాస్త్ర విద్యార్థులకు అప్పగించవలెను. విద్యార్థి మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊరి గోడకు వాడే మట్టి పేరేమో, అది ఏ గట్టున దొరుకుతుందో, ఎవరు పూస్తారో అడిగి వ్రాసుకొని రండి. ఆ వివరాలు వచ్చే సంచికలో ఒక పుట నిండితే, గోడకు మట్టి పూసే ఆ చేతులకు మన కళాశాల తీర్చగల కొద్దిపాటి ఋణం అదే.