వీడియోలో నవ్వుతున్నది నేనే

మాది మనుబోలు. చుట్టూ వరి మడులు, అవతల సముద్రం. కొండ మీద నుంచి పారాగ్లైడర్‌తో ఎగరడమంటే సినిమాల్లో చూసిందే. స్నేహితులతో కలిసి నెల్లూరులో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి బస్సులో హిమాచల్‌లోని బీర్ చేరాను.

ఎగిరేది పైనున్న బిల్లింగ్ నుంచి, సుమారు 2,400 మీటర్ల ఎత్తు. దిగే మైదానం అక్కడికి దాదాపు కిలోమీటరు కింద. టాండెమ్‌లో ముందు మనం, వెనక పైలట్. బ్రేకు తాళ్లు రెండూ అతని చేతుల్లో. మన చేతిలో సెల్ఫీ స్టిక్.

బెల్టులు సరిచూశాడు. బాగానే ఎగిరాం, హాయిగా ఉంది. దిగబోయే ముందు వెనక నుంచి "స్టంట్?" అన్నాడు. నవ్వాను. భయమేస్తే నాకు నవ్వొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ నవ్వునే అతను సరే అనుకున్నాడు.

గ్లైడర్ ఒక పక్కకి ఒరిగి గిరగిరా తిరుగుతూ కిందికి పోయింది. దాన్ని స్పైరల్ అంటారట. అందులో ఒంటి బరువు మూడు నాలుగింతలవుతుంది, నెత్తురు కాళ్లలోకి దిగిపోతుంది. నాకు తెలిసిందల్లా స్టిక్ పట్టుకున్న చెయ్యి లేవకపోవడం. చూపు అంచుల నుంచి నల్లబడింది. చాలు ఆపమని హిందీలో "బస్, బస్" అని అరిచాననుకున్నాను. వీడియోలో ఆ మాట లేదు. గొంతు పెగల్లేదు. జాకెట్ మీదే కక్కుకున్నాను.

ఆపేసరికి బాగా కిందికొచ్చేశాం. గాలికి ఎదురు తిరిగి దిగేంత ఎత్తు లేదు. "భాగో" అన్నాడు. పరిగెత్తడానికి కాళ్లు రాలేదు. కూలబడ్డాను. అతను నా మీద పడ్డాడు. నడుములో పుటుక్కుమంది. కాలి వేళ్లు కదిలించి చూసుకున్నాను. కదిలాయి. అయినా ఏడ్చాను.

చుట్టూ చేరినవాళ్లు లేపి కూర్చోబెడదామన్నారు. అప్పుడే దిగిన ఇంకో పైలట్ ఒప్పుకోలేదు. అంబులెన్స్ వచ్చేదాకా మోకాళ్ల మీద కూర్చుని నా తల కదలకుండా పట్టుకున్నాడు. ఆయన పేరు తెలియదు.

ఆ సాయంత్రం స్కానింగ్‌లో నడుం దగ్గర వెన్నుపూస ఒకటి నొక్కుకుపోయిందని తేలింది. నరాలకు తగల్లేదు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆ రాత్రి నిద్ర రాలేదు. వార్డులో ఒక మలయాళీ సిస్టర్ నాతో తమిళంలో మాట్లాడింది. నాకొచ్చింది సగం తమిళమే. ఆ సగంతోనే తెల్లవారింది.

మర్నాడు రాత్రికి బావ వచ్చాడు. కొన్నాళ్లకు నడుముకు బెల్టు కట్టి పంపించారు. జీటీలో కింది బెర్తు. బావ దుప్పటి అడ్డం పెట్టి సీసా పట్టాడు. అక్క మొగుడు ఆయన. ఆయన ముందు నేను కాలు మీద కాలేసుకుని కూర్చోను.

ఇంటికొచ్చిన మొదటి నెల అమ్మా, పక్కింటి పిన్నీ నన్ను దుంగలా ఒక్కసారిగా దొర్లించేవాళ్లు. నడుం మెలిక పడకూడదు. చూడ్డానికొచ్చిన వాళ్లంతా వీడియో చూశారు. "నవ్వతానే ఉండావు గదరా, నువ్వే అడిగినట్టుండావే" అన్నారు. కొన్నాళ్లు నేనూ అదే నమ్మాను.

2024 ఫిబ్రవరిలో కులు దగ్గర దోభిలో జరిగింది తర్వాత చదివాను. తెలంగాణ నుంచి వెళ్లిన యువతి టాండెమ్ గ్లైడర్ నుంచి పడి చనిపోయింది. బెల్టు సరిగా చూడలేదని పోలీసులు పైలట్‌ని అరెస్టు చేశారు. అది చదివాక వీడియో చూపించడం మానేశాను. బ్రేకు ఎవరి చేతిలో ఉందో బాధ్యత వాళ్లది. గాల్లో వేలాడుతున్నవాడి నవ్వు సంతకం కాదు.

మీరు వెళితే స్టంట్లు వద్దని నేల మీదే చెప్పండి. వచ్చిన హిందీలోనే, ఇంకొకరు వినేలా. లైసెన్స్ చూపించమనండి. హిమాచల్‌లో వానాకాలం, జూలై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ఎగరడం నిషేధం. అప్పుడు ఎవరు రమ్మన్నా పోవద్దు. బీమా పాలసీ కూడా చదవండి. నాది సాహస క్రీడలకు వర్తించదన్నారు.

ఇప్పుడు పనికి పోతున్నాను. గూడూరు బస్సు మలుపు తిరిగితే మాత్రం ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంటాను. ఆసుపత్రి ఖర్చంతా బావ పెట్టాడు. నెలకి కొంచెం తీరుస్తున్నాను. తీసుకునేటప్పుడల్లా విసుక్కుంటాడు.