ఇటుకల నాటకశాల

మా కాలేజీలో నాట్యశాస్త్రం రెండో అధ్యాయం చెబుతున్నప్పుడు వెనక బెంచీల్లో కునుకు తీయడమనే సంప్రదాయం నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. ఆ పిల్లల్ని తప్పు పట్టలేను. నాటకశాల ఎలా కట్టాలో భరతముని అందులో చెబుతాడు. వికృష్టం, చతురశ్రం, త్ర్యశ్రం అని మూడు ఆకారాలు. జ్యేష్ఠం, మధ్యమం, అవరం అని మూడు కొలతలు. 108 మూరలు, 64 మూరలు, 32 మూరలు. బోర్డు మీద ఒక దీర్ఘచతురస్రం గీసి, అడ్డంగా మూడు గీతలు గీసి, నేను పద్దెనిమిదేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాను. ఆ గీతల్లో కాపురం చేయగలిగింది సుద్దముక్క పొడి ఒక్కటే.

కిందటేడు ఒక కుర్రాడు లేచి, "మాస్టారూ, ఆ బొమ్మలో మనిషి ఎంత ఉంటాడండీ?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి, కూర్చోమన్నాను. ఇంటికొచ్చాక గాని తెలియలేదు, నాకు జవాబు రాదని.

ఆ తరవాత నెల తిరక్కుండానే మా బావమరిది అమెరికా నుంచి వస్తూ, మా అమ్మాయి పదకొండో పుట్టినరోజుకని పెద్ద పెట్టెడు లెగో ఇటుకలు పట్టుకొచ్చాడు. ఒకదానిమీదొకటి నొక్కితే పట్టుకుని కూర్చునే ఆ రంగురంగుల ప్లాస్టిక్కు ఇటుకలు మీరూ చూసే ఉంటారు. డెన్మార్కు వాళ్ళ సరుకు. ఇప్పటి ఇటుక పద్ధతికి 1958లో పేటెంటు పెట్టారు. అప్పటి ఇటుక ఇవాళ్టి ఇటుక మీద పెట్టినా పట్టుకుంటుందట. మా తెలుగు సిలబసుకి అందులో పదోవంతు నిలకడ ఉన్నా నేను ధన్యుణ్ణి.

పెట్టెలో రెండు చదరపు పీటలున్నాయి. పీట నిండా బొడిపెలు. మా అమ్మాయికి ఏది కనిపించినా లెక్కపెట్టే అలవాటు. "నాన్నా, అటు ముప్ఫయిరెండు, ఇటూ ముప్ఫయిరెండు" అంది. నేను ఆన్సరు పేపర్లు దిద్దుకుంటూ 'ఊఁ' అన్నాను. రెండు పీటలూ పక్కపక్కన చేర్చి, "ఇప్పుడు అరవైనాలుగు" అంది.

ఎర్ర పెన్ను కింద పడేశాను. పొడుగు అరవైనాలుగు, వెడల్పు ముప్ఫయిరెండు! భరతుడు మనుషులకు తగినదని చెప్పిన వికృష్ట మధ్యమం మా హాల్లో గచ్చు మీద పరుచుకుని ఉంది. బొడిపెకి ఒక మూర. అంతకన్నా పెద్దది కడితే మాట సరిగా వినపడదనీ, ముఖంలో భావాలు కనపడవనీ ఆయనే హెచ్చరించాడు.

ఇంక ఆగలేదు. ఆ ఆదివారమే పని మొదలుపెట్టాం. మేస్త్రీ మా అమ్మాయి, సలహాదారు భరతుడు, ఇటుకలందించే కూలీని నేను.

భరతుడి లెక్క ఇదీ. మొత్తం పొడుగులో ముందు సగం చూసేవాళ్ళది. అంటే ఒక పీట మొత్తం. రెండో పీట ఆడేవాళ్ళది. దాన్ని మళ్ళీ సగం చేస్తే, వెనక పదహారు మూరలూ నేపథ్యం. వేషాలు వేసుకునే చోటు. ముందు పదహారులో ఎనిమిది మూరలు రంగశీర్షం, ఎనిమిది మూరలు రంగపీఠం. నేపథ్యం నుంచి రంగం మీదికి రెండు తలుపులు, ఆ తలుపుల మధ్య వాద్యగాళ్ళు. పద్దెనిమిదేళ్ళు చెప్పిన పాఠమే గాని, పీట మీద నీలం ఇటుకలతో గీత పెట్టినప్పుడు గాని నా బుర్రకెక్కలేదు. ఇంటిలో సగమే చూసేవాళ్ళది. ఇంకో పాతిక వంతు, టిక్కెట్టు కొన్నవాడికి ఎన్నడూ కనపడదు.

మనిషి ఎంత ఉంటాడన్న ప్రశ్నకి జవాబు కూడా అక్కడే దొరికింది. బొడిపెకీ బొడిపెకీ మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. మూర అంటే సుమారు 18 అంగుళాలు. ఆ లెక్కన మా నాటకశాల అసలుదానిలో యాభై ఏడో వంతు. పెట్టెలో వచ్చిన బొమ్మ మనుషులేమో నాలుగు సెంటీమీటర్ల వాళ్ళు. అంటే అయిదు మూరలు, ఏడున్నర అడుగులు! "అందరూ భీములే అయితే దుర్యోధనుడెవరు నాన్నా?" అంది మా అమ్మాయి. ఉన్నవాళ్ళలో గడ్డమున్నవాణ్ణి తీసి దుర్యోధనుడన్నాం.

గోడలు పది వరసలు లేపుదామనుకున్నాం. చుట్టుకొలత 192 బొడిపెలు. నాలుగు బొడిపెల పొడుగున్న ఇటుకలైతే వరసకి నలభై ఎనిమిది, పది వరసలకి 480. పెట్టెలో అన్ని ఎక్కడివి? ఒకవైపు గోడ మానేశాం. లోపల ఏముందో చూడటానికి అదే మేలయింది. రంగులు కలవలేదు. ఒక వరస పసుపు, ఒక వరస ఎరుపు. మా ఆవిడ తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి చూసి, "సర్కసు డేరాలా ఉంది" అంది. ప్రేక్షకుల ఆసనాలు మెట్లు మెట్లుగా, ఇటుకలతోనూ కొయ్యతోనూ కట్టమని భరతుడే చెప్పాడు గనక ఆ భాగంలో మాత్రం శాస్త్రోక్తంగా ఉన్నాం. కొండగుహలాగా ఉండాలనీ, కిటికీలు చిన్నవిగా పెట్టి గాలి జోరు తగ్గిస్తే శబ్దం గంభీరంగా నిలుస్తుందనీ కూడా అన్నాడు. కిటికీకి ఒక్కో ఇటుక వదిలాం.

మత్తవారణి దగ్గర మాత్రం బండి ఆగింది. రంగపీఠానికి పక్కన, నాలుగు స్తంభాలతో, ఒకటిన్నర మూర ఎత్తున ఉండాలని శాస్త్రం. అది ఎందుకో, సరిగ్గా ఎలా ఉంటుందో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఒక ఇటుక మీద ఒక పల్చటి పలక పెడితే ఎత్తు 1.6 మూరలు వచ్చింది. ఆ పదోవంతుకి భరతుడు క్షమిస్తాడని స్తంభాలు నిలబెట్టేశాం. అందులో ఎవరుండాలో తెలియక ఖాళీగా వదిలేశాం.

ఈ హడావిడంతా మా నాన్నగారు వరండాలో పడక్కుర్చీలోంచి చూస్తూనే ఉన్నారు. అమ్మ పోయాక, రెండేళ్ళ కిందట, తెనాలి ఇల్లు అద్దెకిచ్చి ఆయన్ని మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఎనభైకి దగ్గర పడ్డారు. పేపరు చదువుతారు, కాఫీ తాగుతారు, అడిగినదానికి జవాబు చెబుతారు. అంతకుమించి మాటల్లేవు.

ఆయన సంగతి కాస్త చెప్పాలి. పగలు ఆఫీసులో గుమాస్తా. రాత్రిళ్ళు ఊళ్ళో ఒక నాటక సమాజానికి తెర లాగేవారు. తెనాలి అంటే నాటకాల ఊరు. ఇంటికొక కృష్ణుడు, వీధికొక హార్మోనియం. మా స్నేహితుల నాన్నలు కిరీటాలు పెట్టుకుని ఫొటోలు తీయించుకున్నవాళ్ళు. మా నాన్న చేతిలో తాడు. "మీ నాన్న ఏం వేషం వేస్తాడురా?" అని అడిగితే నా దగ్గర జవాబుండేది కాదు.

1989లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, పోటీల్లో మా వాళ్ళ 'సత్య హరిశ్చంద్ర' ఆడింది. కాటిసీను. హరిశ్చంద్రుడు రెండో పద్యం ఎత్తుకున్నాడు. పందిరంతా చెవులు రిక్కించి ఉంది. పద్యం మధ్యలో తెర దభీమని పడిపోయింది. ఈలలు, కేకలు. చాప మీద నా పక్కనున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. 'తాడు జారింది' అన్నారు మా నాన్న. బహుమతి పోయింది. సమాజం పెద్ద నలుగురిలో ఆయన్ని నానా మాటలూ అన్నాడు. ఏడాదిపాటు తెర దగ్గరికి రానివ్వలేదు.

నేను తెలుగు ఎం.ఏ. చదివేటప్పుడు, మా ప్రొఫెసరు మా ఇంటికొచ్చి, "తెనాలి వారంటున్నారు, మీ నాన్నగారికి నాటకాలతో పరిచయం ఉండే ఉంటుందే?" అన్నారు. "అబ్బే, ఆయనకి వాటితో ఏమీ సంబంధం లేదండీ" అన్నాను. మా నాన్న అప్పుడు కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నారు. గ్లాసులు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సరే, మా నాటకశాల పూర్తయిందనుకున్న రోజున నాన్నగారు కుర్చీలోంచి లేచి వచ్చి, చేతికర్ర మీద వంగి చాలాసేపు చూశారు. "తెరేదమ్మా?" అన్నారు మనవరాలితో.

"నాన్నగారూ, ఇది భరతుడి నాటకశాల. ముందు తెర దీంట్లో ఉండదు" అన్నాను.

"తెర లేకపోతే నాటకం మొదలైందని ఎవడికి తెలుస్తుందిరా?" అన్నారాయన.

మా అమ్మాయి తాతగారి పక్షం చేరిపోయింది. తెర పైకి ఎత్తేద్దామంది. "ఎత్తితే ఎక్కడికి పోతుంది? తెర ఎంత ఎత్తుందో పైన అంత ఖాళీ ఉండాలి. మన హాళ్ళలో అంత ఎత్తెక్కడిది? చుట్టుకుపోవాలి" అన్నారు. నేను ఆయన నోట ఒకేసారి ఇన్ని మాటలు విని చాలా కాలమయింది.

ఆయన చెబుతుంటే అది చేసింది. మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డ తెర. పైఅంచు దూలానికి బిగించారు. కిందఅంచుకి వెదురు బొంగు బదులు పెన్సిలు కుట్టారు. పూలు కట్టే దారం తెర వెనక నుంచి దిగి, పెన్సిలు కిందుగా ముందుకొచ్చి, పైకెళ్ళి గిలకల మీదుగా పక్కకి పోవాలి. గిలకలకి బొమ్మకారు చక్రాల రబ్బర్లు ఊడదీశారు. దారం లాగితే పెన్సిలు తిరుగుతూ గుడ్డని తనకే చుట్టుకుంటూ పైకి పోయింది. వదిలితే బరువుకి గిర్రున దిగింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. పదిసార్లు ఎత్తి దించింది. పదకొండోసారి చెయ్యి జారి, తెర వచ్చి దుర్యోధనుడి నెత్తిన పడింది.

"అందుకే కట్టాలి" అన్నారు నాన్నగారు. ఆ సన్నదారం ఆయన వేళ్ళకి చిక్కలేదు. దండెం తాడు తెమ్మన్నారు. కిటికీ ఊచకి రెండు చుట్లు తిప్పి, ఎదురు మెలిక ఒకటి వేసి, "లాగు" అన్నారు నాతో. లాగాను. రెండు చేతులతోనూ లాగాను. ఊచ కదిలింది గాని తాడు కదల్లేదు.

"ఇలా కడితే ఏనుగు లాగినా జారదు. మనం విప్పితేనే రావాలి" అన్నారు.

"ఎప్పుడూ ఇలాగే కట్టేవారా?"

"ఇంకెలా కడతారు?"

తాడు నా చేతిలోనే ఉంది. "మరి ఆ రోజు కాటిసీనులో ఎలా జారింది?" అన్నాను. ముప్ఫయి అయిదేళ్ళు దాటింది.

ఆయన నా వైపు చూడలేదు. ఊచ మీది మెలికనే చూస్తూ, "జారిందని ఎవరన్నారు?" అన్నారు.

"మీరే అన్నారు."

"ఆఁ. నేనే అన్నాను."

కాసేపయ్యాక ఆయనే చెప్పారు. "వాడికి పొద్దుటి నుంచీ జ్వరం. ఎవరికీ చెప్పలేదు. పద్యం మూడో పాదంలో గొంతు పోయింది. ప్రాంప్టరు అందిస్తున్నాడు, వాడు అందుకోవట్లేదు. మోకాళ్ళు వణుకుతున్నాయి. ఎదట కూర్చున్నవాళ్ళకి అదీ నటనలాగే ఉంటుంది. పక్కనుంచి చూసేవాడికి తెలిసిపోతుంది గదా. ఇంకొక్క నిమిషమైతే ఈలలు వాడి మీద పడేవి. మంచి నటుడు. విప్పేశాను."

"ఎవరికైనా చెప్పకపోయారా?"

"చెబితే ఇంక విప్పి ఏం లాభంరా?"

ఆ హరిశ్చంద్రుడి పేరు నాకు తెలుసు. ఆయన మాత్రం ఇప్పుడు కూడా ఆ పేరెత్తలేదు.

ఏదో అనాలనుకున్నాను. ప్రొఫెసరు గారు, కాఫీ గ్లాసులు, గుమ్మం, అన్నీ నోటిదాకా వచ్చాయి. చివరికి నోట్లోంచి వచ్చింది వేరే మాట. "తెర లాగేవాడు ఎక్కడ నిలబడాలి నాన్నగారూ?"

"నటుడు కనపడాలి, ప్రాంప్టరు కనపడాలి. వాడు మాత్రం జనానికి కనపడకూడదు" అని, వంగి, ఖాళీగా ఉన్న మత్తవారణిని చేతికర్రతో చూపించి, "ఇది ఎవరిదమ్మా?" అన్నారు.

"ఎవరికీ తెలియదు తాతయ్యా. నాన్నకి కూడా తెలియదు" అంది మా అమ్మాయి.

"అయితే ఇక్కడే" అన్నారు.

ఇన్నేళ్ళుగా పండితులకి తేలని మత్తవారణి మా ఇంట్లో ఆ సాయంకాలం తేలిపోయింది. మా అమ్మాయి పెట్టె వెతికి, టోపీ లేని మామూలు బొమ్మ మనిషిని ఏరి, అక్కడ నిలబెట్టి, పూలదారం కొస వాడి చేతికి తగిలించింది. నాన్నగారు నేల మీద చతికిలబడి, ప్రేక్షకుల మెట్ల ఎత్తుకి తల వంచి, ఒక కన్ను మూసి చూశారు.

"కనపడుతున్నాడమ్మా. ఆ పక్కన గోడ ఇంకో రెండు వరసలు లేపు."

"అక్కడ స్తంభాలే గాని గోడ ఉండకూడదు నాన్నగారూ, శాస్త్రంలో..." అని మొదలుపెట్టాను గాని, ఇద్దరూ వినిపించుకోలేదు.

పెట్టెలో ఇటుకలు అయిపోయాయి. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, ప్రేక్షకుల మెట్లలో చివరి వరస ఊడదీసి, ఆ ఇటుకలు తెచ్చి తెర లాగేవాడి ముందు పేర్చింది. తాతగారు మళ్ళీ వంగి చూసి తలూపారు. ఆ వరసలో కూర్చున్న ఇద్దరు భీములకి మాత్రం చోటు లేకుండా పోయింది. వాళ్ళిప్పుడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నారు.