పాపాయి చేతికి ఏమిద్దాం?

"ఏ బొమ్మ కొనమంటారు డాక్టరమ్మా?" హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తల్లులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. ముందు మీ వంటిల్లు చూసుకోండమ్మా, అంటాను.

రెండేళ్ళలోపు బిడ్డ లోకాన్ని తెలుసుకునేది తాకి, రుచి చూసి, చప్పుడు విని. ప్రతిదీ నోట్లో పెట్టుకోవడం అల్లరి కాదు, ఆ వయసుకు అదే చదువు. అందుకే ఏడాది దాటిన బిడ్డకు నేను మొదట చెప్పేది రాగిముద్ద. మన వైపు రాగిపిండి లేని ఇల్లుంటుందా! గుప్పెడు పిండి గట్టిగా ఉడికించి, చల్లార్చి, కాస్త నూనె రాసి చేతికివ్వండి. పిసుకుతుంది, సాగదీస్తుంది, ఒంటికి పూసుకుంటుంది. కాస్త నాకినా భయం లేదు. ముద్ద నిలవ ఉండాలని కొందరు ఉప్పు దండిగా కలుపుతారు. అది మాత్రం వద్దు. అంత ఉప్పు కడుపులోకి పోతే పసిబిడ్డకు ప్రమాదం.

ధర్మవరంలో మగ్గమున్న ఇళ్ళకు ఇంకో సదుపాయం ఉంది. పట్టుముక్క, నూలుగుడ్డ, గోనెపట్టా పక్కపక్కన పరిచి బిడ్డ చెయ్యి వాటిమీద నడిపించండి. నునుపు, గరుకు అనే మాటలు అక్కడే వస్తాయి. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మరియా మాంటిసోరీ పద్ధతిలోనూ ఈ గుడ్డల ఆట ఉంది. జరీపోగులు, విడిదారాలు మాత్రం ఏరెయ్యండి. వేలికి చుట్టుకుని బిగిస్తే రక్తం ఆడదు.

నీళ్ళ ఆటకు పళ్ళెంలో కాసిని నీళ్ళు, ఒక గ్లాసు చాలు. బకెట్టు దగ్గర ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలవద్దు.

ఇక అసలు సంగతి. హిందూపురం చింతపండుకు పేరు. పొలాల్లో చూస్తే సెనక్కాయ. "గింజలేరుకుంటూ కూర్చుంటుందిలే" అని అవ్వలు పసిబిడ్డ ముందు ఇన్ని పోస్తారు. గింజలేరడం వేళ్ళకు మంచి పనే, వామనగుంటలు గొప్ప ఆటే. కానీ అయిదేళ్ళు రానివ్వండి. దవడపళ్ళు పూర్తిగా రాని బిడ్డ సెనగపలుకును నమలలేదు. నవ్వినా ఏడ్చినా అది ఊపిరిగొట్టంలోకి జారవచ్చు. పొలమారి దగ్గుతుంది, సర్దుకుంటుంది, ఇంట్లో అందరూ మరిచిపోతారు. కొన్నాళ్ళకు జ్వరం, పిల్లికూతలు. మందుసీసాలు ఎన్ని మార్చినా తగ్గదు. ఎక్స్‌రేలో సెనగపలుకు కనిపించదు. "ఫలానా రోజు తింటూ పొలమారింది" అని మీరు చెప్పే ఆ ఒక్క మాటే డాక్టరుకు దారి చూపిస్తుంది. బిడ్డ తేరుకున్నట్టే ఉన్నా ఆ రోజే చూపించండి.

చింతగింజ ముక్కులో దూర్చుకుంటే పిన్నీసుతో కెలకవద్దు. ఇంకా లోపలికి పోతుంది. ఒక్క ముక్కునుంచే దుర్వాసనతో చీమిడి కారుతూంటే అనుమానించండి.

దగ్గలేక, ఏడవలేక బిడ్డ నీలం తిరిగితే ముందుకు వంచి, రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదుసార్లు గట్టిగా చరచండి. రాకపోతే వెనకనుంచి పట్టుకుని, బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కండి. ఊపిరి ఆడేదాకా ఇలా మార్చి మార్చి చెయ్యాలి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కరాదు, రొమ్ము మధ్యన నొక్కాలి. కనపడనిదానికోసం గొంతులో వేలు పెట్టకండి. పక్కవాళ్ళచేత 108కి ఫోను చేయించండి.

చింతగింజల చప్పుడు బిడ్డకు ఇష్టమంటారా? చిన్న స్టీలు డబ్బాలో పోసి, మూత బిగించి, పైన గుడ్డ చుట్టి గట్టిగా కుట్టెయ్యండి. చక్కని గిలక. కుట్టు ఊడిందేమో రోజూ ఒకసారి చూసుకోండి.