చెరగని చరణం

దేవుని కృపను బట్టి మా సంఘంలో కీర్తనలు తెరమీద చూపించే పరిచర్య నాది. కంప్యూటరు లేదు, ఫోనులోనే గూగుల్ స్లైడ్స్‌లో వేలితో తాకుతూ సిద్ధపరుస్తాను.

ఒక శనివారం రాత్రి నిద్రమత్తులో వేలు తగిలి ఒక చరణమంతా చెరిగిపోయింది. చేసిన మార్పు దానంతటదే భద్రమవుతుంది గదా! నేను గమనించలేదు. మరునాడు ఆరాధనలో సంఘమంతా తడబడింది. చదువురాని మా అమ్మ మాత్రం కళ్లు మూసుకొని ఆ చరణమే పాడింది. అందరూ ఆమెను వెంబడించారు. నాకెంతో సిగ్గేసింది.

ఇప్పుడు పొరపాటైతే వెంటనే వెనుకకు తిరిగిన బాణపు గుర్తు తాకుతాను. స్లైడుకు నాలుగే పంక్తులు, పెద్ద అక్షరాలు. చివరగా అమ్మ పక్కన కూర్చొని అన్నీ పాడించుకొని సరిచూస్తాను.

ప్రియులారా, తెర మరచినా హృదయంలో దాచుకున్నది చెరగదు. మన పిల్లలకు తెర చూపుదాం. కీర్తనలు కంఠతా కూడ నేర్పుదాం.