సీమోర్ దారిలో గ్రేహౌండ్ కోసం

మెల్‌బోర్న్ నుంచి హ్యూమ్ ఫ్రీవే మీద ఉత్తరంగా దాదాపు 100 కిలోమీటర్లు వెళితే సీమోర్ వస్తుంది. గౌల్‌బర్న్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. జులై నెల, అక్కడ నడిచలికాలం. మెల్‌బోర్న్ పొలిమేర దాటగానే యూకలిప్టస్ చెట్లు, గొర్రెలు మేసే పచ్చిక బయళ్లు, వాటి మీద ఇంకా విడిపోని పొగమంచు. మా అబ్బాయి కారు నడుపుతుంటే కోడలు వెనక సీట్లో మెత్తటి పరుపు సర్దుకుని కూర్చుంది. పందేల నుంచి విరమించిన గ్రేహౌండ్‌ను తెచ్చుకోవాలని ఇద్దరూ ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. "మీరు ఇక్కడ ఉండగానే తెచ్చుకుంటే మాకు ధైర్యం మామయ్యా" అంది. ఆంధ్రాలో పశువైద్యుడిగా చేసి రిటైరయ్యాను. ఒంగోలు ఎద్దుల నుంచి పెంపుడు కుక్కల దాకా నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. గ్రేహౌండ్‌ను తాకి చూసే అవకాశం మాత్రం ఈ ప్రయాణంలోనే దొరికింది.

విక్టోరియా రాష్ట్రంలో గ్రేహౌండ్ పందేలను నడిపే సంస్థే ఇక్కడ దత్తత కేంద్రాన్నీ నడుపుతోంది. స్వభావం పరీక్షించాకే కుక్కను ఇంటికి పంపుతారు. ఒకప్పుడు పెంపుడు గ్రేహౌండ్‌ను బయటికి తీసుకెళ్లాలంటే మూతికి చిక్కం తప్పనిసరి. 2019 జనవరి 1 నుంచి ఆ నియమం పోయింది, గొలుసు మాత్రం ఉండాల్సిందే. గంటకు 65 కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువు కదలిందేదైనా చూసి పరుగు తీస్తే పిలుపు దానికి వినపడదు.

మాకు చూపించింది నల్లటి మగకుక్క. వచ్చీ రాగానే నా మోకాలికి ఒళ్లంతా ఆనించి నిలబడింది. చెవి లోపల పందేల నాటి పచ్చబొట్టు గుర్తు. చివరి పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. "పాపం, తిండి పెట్టలేదా నాన్నా?" అన్నాడు మా అబ్బాయి. వాడి చేతిని దాని తొడ మీద వేయించాను. గట్టి కండ, పైన పల్చటి చర్మం, మధ్యలో కొవ్వు పొర లేదనే చెప్పాలి. గ్రేహౌండ్‌కు ఒకటి రెండు ఎముకలు కనిపించడమే ఆరోగ్యం. చూసేవాళ్లు జాలిపడుతున్నారని మేపి లావు చేస్తే ఆ సన్నటి కాళ్ల కీళ్లు దెబ్బతింటాయి.

అక్కడి డాక్టరమ్మ దాని రక్తపరీక్ష కాగితం నా చేతిలో పెట్టింది. రక్తంలో ఎర్రకణాల వాటా 58 శాతం. మామూలు కుక్కల్లో ఇది 37 నుంచి 55 దాకా ఉంటుంది. ఇంకో జాతిలో ఈ అంకె చూస్తే ఒంట్లో నీరు తగ్గిందని సెలైన్ పెట్టేవాళ్లం. గ్రేహౌండ్‌కు ఇది సహజం. పరుగులో కండరాలకు ప్రాణవాయువు అందించడానికి దాని రక్తమే చిక్కగా ఉంటుంది, గుండె కూడా పెద్దది. ప్లేట్‌లెట్లు తక్కువ, థైరాయిడ్ హార్మోన్ తక్కువ, కండ ఎక్కువ కాబట్టి క్రియాటినిన్ కాస్త ఎక్కువ. ఇవేవీ జబ్బులు కావు. ఈ సంగతి తెలియక జీవితాంతం థైరాయిడ్ మాత్రలు మింగించడం, లేని కిడ్నీ జబ్బుకు వైద్యం చేయడం ఎంత అన్యాయం!

మత్తుమందు సంగతి ఇంకా ముఖ్యం. థయోపెంటోన్ మా తరం పశువైద్యులకు బాగా అలవాటైన మందు. గ్రేహౌండ్ కాలేయంలో దాన్ని విరిచే ఎంజైమ్ చాలదు, కొవ్వూ తక్కువే. అందుకే ఇస్తే గంటల తరబడి మత్తు వదలదు. ఆపరేషన్ బాగానే అయిందనుకున్నాక ఒకటి రెండు రోజులకు గాయం చుట్టూ రక్తం కారడం కూడా ఈ జాతిలో ఉంది. గడ్డకట్టిన రక్తం తొందరగా కరిగిపోవడమే దీనికి కారణం. ముందే తెలిస్తే దాన్ని ఆపే మందులున్నాయి. కుట్లు వేయించి ఇంటికి తెచ్చాక కూడా రెండు మూడు రోజులు కనిపెట్టుకుని ఉండాలి.

తిండి గురించి కోడలు అడిగినవన్నీ మన వంటింటి ప్రశ్నలే. "పెరుగన్నం పెట్టొచ్చా మామయ్యా?" అంది. ఎప్పుడైనా రెండు ముద్దలు పర్వాలేదు గానీ దాంతోనే కడుపు నింపితే ఆ కండ నిలవదు. మాంసకృత్తులు దండిగా ఉన్న ఆహారం పొద్దున కొంత, సాయంత్రం కొంత పెట్టాలి. లోతైన ఛాతీ ఉన్న కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది కాబట్టి తిన్న వెంటనే పరుగులు కూడదు. కొత్త తిండిని వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు, కిస్‌మిస్ వేసిన పాయసం, ఉడికించిన ఎముకలు ఏ కుక్కకూ పెట్టకూడదు.

డాక్టరమ్మ దాని పై పెదవి ఎత్తి చూపించింది. పళ్లు శుభ్రం చేసినా చిగుళ్లు వెనక్కి జరిగిపోయి ఉన్నాయి. పందేల కాలంలో మెత్తటి ఖీమా తిండి తిన్న కుక్కలకు పళ్ల జబ్బు ఎక్కువ, రోజూ బ్రష్ చేయాల్సిందే. తర్వాత ముందు కాలు తిప్పి పాదం చూపించింది. మెత్త మీద మినపగింజంత గట్టి ఆనెకాయ. మిగతా జాతుల్లో అరుదైన ఈ ఆనెలు గ్రేహౌండ్‌ను కుంటేలా చేస్తాయి. కుంటుతోందంటే ముందు పాదం చూడాలి, పాదం బాగుంటే ఎక్స్‌రే తీయించాలి. ఎముక కేన్సర్ ఈ జాతిని ఎక్కువగా పట్టే జబ్బు, ఆలస్యం చేయకూడదు.

సాయంత్రం చీకటి పడకముందే తిరుగు ప్రయాణమయ్యాం. ఆ చలికి దానికి ఉన్ని కోటు తొడిగారు. మోచేతులు ఒరుసుకుపోకుండా పరుపు, వేసవిలో ఎండపొద్దున ఇంటి పట్టున ఉంచడం, ఇవన్నీ అబ్బాయి ఫోన్‌లో రాసుకున్నాడు. రక్తపరీక్ష కాగితం మాత్రం ఫైల్లో పెట్టించాను. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు దాన్నే చూపించమన్నాను. మన దగ్గర ముధోల్, రాజపాళయం వేటకుక్కలను పెంచేవాళ్లకూ ఇదే చెబుతాను. కుక్క హుషారుగా ఉన్నప్పుడే ఒకసారి రక్తం పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోండి. జబ్బు చేసిన రోజున డాక్టరుకు పోల్చి చూసుకోవడానికి దాని సొంత అంకెలు ఉంటాయి.