సెలైన్ అంటే ఉత్త ఉప్పునీళ్ళేనా?

మన ఇళ్ళల్లో ఎవరికైనా కాస్త నీరసం అంటే చాలు, "ఒక సెలైన్ పెట్టించండి, లేచి కూర్చుంటారు" అనేస్తాం. మా అత్తయ్యగారిదీ అదే నమ్మకం. "ఆ బాటిల్ ఎక్కితే గానీ ఒంట్లోకి బలం రాదమ్మాయ్" అంటారు.

వంటింటి లెక్కలో చూద్దాం. అర లీటరు నార్మల్ సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, చిన్న చెంచాడు కూడా కాదు. అదే ఐదు శాతం గ్లూకోజ్ బాటిలైతే 25 గ్రాముల గ్లూకోజ్. ఇంచుమించు రెండు ఇడ్లీలు తిన్నంత శక్తి!

"పోనీ, ఉప్పునీళ్ళేగా, పెడితే పోయేదేముంది?" అనిపిస్తుంది. నాకూ ఆ సందేహం వచ్చి చదివితే ఆశ్చర్యమేసింది. మన రక్తంలోని తెల్లకణాలు ఒంటికి కాపలాదారులు. వాటిలోని జన్యువులు వంటల పుస్తకం లాంటివి. పుస్తకమంతా ఉన్నా, ఏ పూట ఏ పేజీ తెరవాలో కణమే చూసుకుంటుంది. అమెరికాలో పరిశోధకులు మనుషుల రక్తాన్ని రకరకాల సెలైన్లతో కలిపి చూశారు. ఒక్కో ద్రవానికి తెల్లకణాల్లో ఒక్కో రకం జన్యువులు మేలుకున్నాయట.

రింగర్ లాక్టేట్ సంగతే చూడండి. లాక్టేట్‌కి మన రెండు చేతుల్లా ఒకదానికొకటి అద్దంలో బొమ్మలాంటి రెండు రూపాలున్నాయి: ఎల్, డి. మన ఒంట్లో ప్రధానంగా తయారయ్యేది ఎల్ రూపం. రెండూ కలిసిన ద్రవంలో తెల్లకణాలు అనవసరంగా రెచ్చిపోతున్నాయనీ, డి తీసేస్తే ఆ ఆవేశం తగ్గుతోందనీ తేలింది. ఆ డి రూపాన్ని తొలగించమని 1999లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కూడా సిఫారసు చేసింది.

ఇది చదివి సెలైన్ అంటే భయపడొద్దు. ఇవి ఎక్కువగా ల్యాబులో చేసిన పరీక్షలు. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు తోడేసినప్పుడు, డెంగీ ముదిరినప్పుడు, ప్రమాదంలో రక్తం పోయినప్పుడు ఆ బాటిలే ప్రాణం నిలబెడుతుంది. 1832లోనే స్కాట్లాండ్‌లో థామస్ లాట్టా అనే డాక్టరు, చావు అంచున ఉన్న కలరా రోగులకు నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించి కొందరిని బతికించాడు.

నేను చెప్పేదొక్కటే. అది టానిక్ కాదు, మందు. మందుకి అవసరం ఉండాలి, రకం ఉండాలి, మోతాదు ఉండాలి. మా అత్తయ్యగారి లాగా గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకీ అంతే జాగ్రత్త కావాలి.

అందుకే ఈసారి ఇంట్లో ఎవరికైనా సెలైన్ పెడుతుంటే మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి: ఎందుకు పెడుతున్నారు? ఏ రకం? ఎంత? నోటితో తాగగలిగితే ఓఆర్ఎస్ చాలదా అని కూడా అడగండి. "బలానికి ఒక బాటిల్ పెట్టండి" అని మాత్రం మనంతట మనం అడగొద్దు. బలానికి గంజి ఉంది, పప్పన్నం ఉంది, పక్కన కూర్చుని తినిపించడానికి మనం ఉన్నాం.