ఈక బరువు

మనుషులను తూచే యంత్రం మా పల్లెలో ఉండేది కాదు. ఉన్నదల్లా శనక్కాయల వ్యాపారి దుకాణం ముందరి కాటా ఒక్కటే. పంట ఇల్లు చేరిన ఏట దానిమీద మూటలు నిలిచేవి. చేరని ఏట అది దుమ్ము పట్టి పడి ఉండేది. 1993లో, డిగ్రీ చదువుతున్న రోజుల్లో, వారానికొకసారి ఆ దుమ్మును తుడిచి, దానిపై నిలబడి నా బరువు చూసుకునేవాణ్ణి. 57 కిలోలు దాటానంటే నా గుండె జారేది.

నేను బాక్సింగు నేర్చుకుంటున్న కాలమది. మన పురాణాలలో భీమ జరాసంధుల ముష్టియుద్ధాలను గూర్చి విన్నాం గాని, బరిలో దిగేముందు వారిని తూచినట్లు ఎక్కడా వినలేదు. ఆధునిక క్రీడకు మాత్రం తూకమే మొదటి న్యాయం. సమాన బరువు గలవారే తలపడాలి. అందులో 57 కిలోల విభాగానికి ‘ఫెదర్ వెయిట్’ అని పేరు. అంటే పక్షి ఈకంత బరువు! డబ్బుకోసం పోరాడే వృత్తి క్రీడాకారులకు దీని హద్దు 126 పౌండ్లు. అదీ ఇంచుమించు 57 కిలోలే. వారి ప్రపంచస్థాయి పోరు పన్నెండు రౌండ్లదాకా సాగుతుంది. మా వంటివారికి మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. తొమ్మిది నిమిషాలే కదా అనిపిస్తుంది. చేతులెత్తి నిలబడి చూసినవారికే ఆ తొమ్మిది నిమిషాల నిడివి తెలుస్తుంది.

అనంతపురం కరవుసీమ. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగిస్తాయి. తూర్పుతీరాన వచ్చే ఈశాన్య వానలు ఇంత లోపలికి రావడానికి అలసిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే మాకు దిక్కు. అటువంటి నేలమీద పుట్టిన మా అమ్మకు, కన్నకొడుకు కావాలని పస్తులుండడం ఏ విధంగానూ అర్థమయ్యేది కాదు. పోటీకి ముందు మూడు రోజులు నేను సంగటి ముట్టేవాణ్ణి కాను. తూకం ముగిసేదాకా నీళ్లు కూడా గుక్కెడే.

“కరువొచ్చి తినకుంటే దేవుణ్ణి తిట్టుకుంటాము. కుండలో కూడు పెట్టుకొని తినకుంటే ఎవరిని తిట్టుకోవల్లరా?” అని అమ్మ అడిగేది. నావద్ద జవాబు ఉండేది కాదు. నేను తినని రోజున ఆమె కూడా తినలేదన్న సంగతి చాలా ఏళ్ల తరువాత మా అక్క చెబితే తెలిసింది.

ఆ సంవత్సరం జూన్, జూలై నెలలు ఎండగానే గడిచాయి. ఆగస్టు నడుమ ఒక పెద్దవాన కురిసింది. అదను దాటినా ఊరంతా ఆశతో గొర్రులు కట్టి శనక్కాయ విత్తింది. మా నాయన మాత్రం విత్తలేదు. అమ్మ, అక్క వేళ్లు పుళ్లు పడేలా వొలిచి ఉంచిన విత్తనాన్ని మూటలో అలాగే ఉంచి, చేనిలో కాసిన్ని ఉలవలు చల్లాడు. రచ్చకట్టమీద కొందరు నవ్వారు. నాకూ సిగ్గనిపించింది. నాయనది పిరికితనమని లోలోపల అనుకున్నాను.

అక్టోబరులో కళాశాలల మధ్య పోటీలు వచ్చాయి. వారం రోజుల ముందే సాధనలో నా కుడి మోకాలు మెలిక పడింది. వాపు కనబడకుండా గుడ్డ చుట్టి, ఎవరికీ చెప్పక బరిలో దిగాను. చెబితే ఆడనివ్వరని భయం. ఆడకపోతే పిరికివాడంటారని అంతకంటే పెద్ద భయం. మొదటి రౌండు నాదే. రెండో రౌండులో పక్కకు తప్పుకోబోయి కాలు తిప్పాను. మోకాలిలో ఏదో తెగిన చప్పుడు నాకొక్కడికే వినబడింది. ఆపైన నేను మళ్లీ బరిలో దిగలేదు.

కాలికి కట్టుతో ఇంటి అరుగుమీద పడుకొని ఉండగా ఎదుటి చేలు ఎండిపోవడం చూశాను. శనక్కాయ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఊళ్లో చాలామందికి పంటా పోయింది, విత్తనమూ పోయింది. మరుసటి ఏడు వారు అప్పుచేసి విత్తనం కొన్నారు. మా ఇంట మాత్రం మూట ఉంది. నాయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఒకనాటి సాయంకాలం నా పక్కన కూర్చొని, “విత్తనం ఇంట్లో ఉంటే ఒక ఏడు పోతాది గానీ సేద్యం పోదు నాయనా” అన్నాడు. అది పొలం సంగతే అనుకున్నాను. నాకు ఇరవై ఏళ్లు. పెద్దల మాటలకు ఒక్క అర్థమే ఉంటుందని నమ్మే వయస్సు అది.

ఆ మాటకు రెండో అర్థం ముప్పై ఏళ్ల తరువాత నిజామాబాదు యువకుడొకడు తెలిపాడు. అతని పేరు మహమ్మద్ హుస్సాముద్దీన్. 1994లో జన్మించాడు. తండ్రి షంషాముద్దీన్ బాక్సరు, శిక్షకుడు. ఇద్దరు సార్లు కాదు, ఎందరో పిల్లలకు ఆయన ఆ ఊరిలో పిడికిలి పట్టడం నేర్పాడు. ప్రపంచ విజేతగా నిలిచిన నిఖత్ జరీన్ కూడా తొలినాళ్లలో ఆయన వద్ద శిక్షణ పొందినదే. హుస్సాముద్దీన్ భారత సైన్యంలో చేరి, ఆ కొలువులో ఉంటూనే దేశం తరఫున పోరాడాడు. డబ్బు పందేలకు వెళ్లకపోయినా, బాక్సింగునే బ్రతుకుగా మలచుకున్నాడు.

మధ్యలో కొన్నేళ్లు పురుషుల పోటీలలో 57 కిలోల విభాగమే లేకుండా పోయింది. అందువలన 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడలలో అతడు 56 కిలోల విభాగంలో దిగి కాంస్యం గెలిచాడు. 2022 బర్మింగ్‌హామ్‌లో తిరిగి కాంస్యం. ఈసారి 57 కిలోలలో, నా బరువులో! పత్రికలో ఆ అంకె చూడగానే కాటామీది దుమ్ము నా అరచేతికి తగిలినట్లయింది. ఆనాటినుండి అతని వార్త ఏది కనబడినా వదలక చదివేవాణ్ణి.

2023 మే నెలలో తాష్కెంటులో ప్రపంచ పోటీలు జరిగాయి. క్వార్టర్ ఫైనల్లో బల్గేరియా బాక్సరు హావియర్ ఇబానెజ్‌పై హుస్సాముద్దీన్ 4-3 తేడాతో గట్టెక్కాడు. పతకం ఖాయమైంది. కాని ఆ పోరులోనే మోకాలికి దెబ్బ తగిలి వాచింది. సెమీఫైనల్లో ఎదుట క్యూబా వీరుడు సైడెల్ హోర్టా. గెలిస్తే ప్రపంచ పోటీల తుదిపోరు. హుస్సాముద్దీన్ బరిలో దిగలేదు. కాంస్యంతో వెనుదిరిగాడు.

ఆ వార్త చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మా ఇద్దరికీ బరువు ఒకటే, నొప్పి పుట్టినదీ మోకాలిలోనే. నేను దిగాను, అతడు ఆగాడు. ఎవరిది ధైర్యం?

నీతికథ అయితే ఇక్కడ అతనికి గొప్ప ఫలం దక్కాలి. జీవితం అంత సులువుగా లెక్క తేల్చదు. గాయం వలన ఆ ఏటి ఆసియా క్రీడలకు అతడు దూరమయ్యాడు. అర్జున పురస్కారం లభించింది నిజమే. కాని 2024 మార్చిలో ఇటలీలో జరిగిన ఒలింపిక్ అర్హత పోటీలలో తొలి పోరులోనే ఓడాడు. పారిస్ అందలేదు. అయితే అక్కడ ఓడిపోవడానికైనా అతనికి నిలబడే కాళ్లు ఉన్నాయి. ఆగిన మనిషికే తిరిగి దిగే అవకాశం ఉంటుంది. ఓటమి కూడా బరిలో నిలిచినవాడికే దక్కుతుంది. నాకు అదీ దక్కలేదు.

నిరుడు మా కళాశాలలో ఇంటర్ ద్వితీయ సంవత్సరం చదివే బాక్సరొకడు నావద్దకు వచ్చాడు. కూలికి వెళ్లే తల్లిదండ్రుల బిడ్డ. మణికట్టు వాచి ఉంది. రెండు రోజుల్లో పోటీలు. “సార్, దిగకుంటే పిరికోడంటారు” అన్నాడు. పతకం వస్తే క్రీడల కోటాలో సీటు వస్తుందని, అది వస్తే తన ఇంటి కష్టం కొంత తీరుతుందని వాడి లెక్క. ఆ లెక్క తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా ప్యాంటు మడిచి మోకాలు చూపించాను. తరువాత మా నాయన విత్తనాల మూట కథ చెప్పాను. నిర్ణయం వాడికే వదిలాను.

పోటీనాడు నేనూ వెళ్లాను. వాడు బరిలో లేడు. చేతికి కట్టుతో, మిత్రుని మూలలో నీళ్ల బకెట్టు పట్టుకొని నిలబడి ఉన్నాడు. గంట మోగిన ప్రతిసారీ వాడి ఎడమ పిడికిలి తనకు తెలియకుండానే బిగుసుకుంటోంది. ముఖంలో దిగులు దాగలేదు. విత్తని చేనిగట్టున నిలబడినప్పుడు మా నాయన ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది. ఆనాడు నేను చూడలేదు.

పోటీలు ముగిశాక వాణ్ణి హోటలుకు తీసుకువెళ్లాను. తూకం కోసం మూడు రోజులుగా పస్తున్నాడట. ఉగ్గాని, బజ్జీలు తెప్పించాను. వాడు తలవంచుకొని తింటూ ఉంటే మా అమ్మ గుర్తుకు వచ్చింది. “ఇంకొంచెం పెట్టించుకో నాయనా” అన్నాను.